వెనక్కి తిరగడానికి ఒక నిమిషం

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు తయారయ్యే పిల్లలకు నేను మెటీరియాలజీ చెబుతాను. మబ్బుల రకాలు నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతారు. ఎదురుగా మేఘం ఉంది, నీకు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (మీటర్లు చూసి నడిపే అర్హత) లేదు, ఏం చేస్తావు? "వెనక్కి తిరిగొచ్చేస్తాను సార్!" ఈ ప్రశ్నకు తప్పు రాసినవాణ్ని నేనింతవరకు చూడలేదు. చిన్న విమానాల ప్రమాద నివేదికలు తిరగేస్తే మాత్రం, ఈ జవాబు తెలిసినవాళ్లే మళ్లీ మళ్లీ కనబడతారు.

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఒక ప్రయోగం చేసింది. మీటర్లు చూసి నడపడం రాని 20 మందికి బయటి ప్రపంచం కనబడకుండా చేసి విమానం అప్పగించారు. ఒక్కరి చేతిలోనూ అది అదుపులో నిలవలేదు. అదుపు తప్పడానికి సగటున పట్టిన సమయం 178 సెకన్లు.

తెలివికీ దీనికీ సంబంధం లేదు. మనం ఎటు ఒరుగుతున్నామో చెప్పేది లోపలి చెవిలోని ద్రవం. విమానం మెల్లగా ఒక పక్కకు వంగితే చెవికి ఆ సంగతే తెలియదు. ముక్కు కిందికి దిగుతుంది, వేగం పెరుగుతుంది. పైలట్ కంగారుపడి కంట్రోల్ వెనక్కి లాగుతాడు. రెక్కలు సరిచేయకుండా లాగితే మలుపు ఇంకా బిగుసుకుంటుంది. నేల దగ్గరవుతున్నా అతని ఒంటికి మాత్రం తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. ఒళ్లు చెప్పేది నమ్మకుండా మీటరును నమ్మడం అలవాటు కావాలంటే గంటల కొద్దీ సాధన చేయాలి.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. సెకనుకు 3 డిగ్రీల చొప్పున తిరిగితే వెనక్కి మళ్లడానికి పట్టేది 60 సెకన్లు. మబ్బులో దూరకముందే ఆ ఒక్క నిమిషం ఖర్చుపెడితే చాలు. అయినా ఎందుకు తిరగరు?

నా అనుమానమంతా 'అవర్స్' మీదే. మన దేశంలో ఈ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. పొలం అమ్మి ఫీజు కట్టిన తండ్రి ఫోన్ చేస్తే, "ఎన్ని గంటలయ్యాయిరా?" అనే అడుగుతాడు. ఆయన్ని తప్పుపట్టలేం. లైసెన్సుకు కావాల్సిన 300 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీ ప్రయాణం సగంలో ఆపి తిరిగొస్తే అది మళ్లీ మొదటినుంచీ చేయాల్సిందే. మబ్బు చూసి బయల్దేరడం మానుకున్న పూటకి లాగ్‌బుక్‌లో గడే లేదు. నన్నడిగితే పైలట్‌ని అంచనా కట్టాల్సింది ఆ పూటలతోనే.

లైసెన్సు వచ్చాక ఎయిర్‌లైన్‌లో చేరితే పక్కన ఇంకో పైలట్, ముందు రాడార్, కింద డిస్పాచర్ ఉంటారు. అద్దెకు తిరిగే చార్టర్లకు వెళ్లినవాడికి వెనక సీట్లో మీటింగ్ టైమ్ కూర్చుని ఉంటుంది.

2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ బేగంపేట నుంచి లేచి నల్లమలలో కూలింది. ఇద్దరు పైలట్లూ ఆయిల్ హెచ్చరిక గురించి మాన్యువల్‌లో వెతుకుతుండగానే అది తీవ్రమైన వాతావరణంలోకి వెళ్లిపోయిందని దర్యాప్తు తేల్చింది. అక్కడ ఎవరో ఎవరినో తొందరపెట్టారని నేననను. కానీ ఎన్నికలొస్తే మన ఆకాశం నిండా అద్దె హెలికాప్టర్లే. వాటిలో ఎక్కే నాయకులకు ఒక్క విన్నపం: పైలట్ "ఈ పూట వద్దు సార్" అంటే, రెండోసారి అడక్కండి. కారు తెప్పించుకోండి.