కనురెప్ప చూసి పోసే మందు

నట్టల మందు పోయడం ఎవరైనా చేసే పనే అనుకుంటాం. నిజానికి ఏ గొర్రెకు మందు కావాలో, దేనికి అక్కర్లేదో పోల్చుకోవడంలోనే కాపరి పనితనమంతా ఉంది. వానాకాలం పచ్చికతోపాటు కడుపులోకి చేరే నట్టల్లో హీమాంకస్ మహా చెడ్డది. పొట్ట నాలుగో అరలో మకాం పెట్టి నెత్తురు తాగుతుంది. ఆడది రోజుకు వేల గుడ్లు పెడుతుంది. గొర్రె పారుకోకపోవచ్చు, కాబట్టి పెంటికలు చూస్తే తెలియదు. తెలిసేది కంట్లోనే. బొటనవేలితో కింది రెప్ప దించితే లోపలి పొర ఎర్రగా ఉందో, పాలిపోయిందో క్షణంలో తేలుతుంది. దవడ కింద నీరు దిగిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. దక్షిణాఫ్రికాలో ఈ రంగులనే ఐదు మెట్లుగా విడగొట్టి ఫమాచా కార్డు తయారుచేశారు.

పెద్ద మందలో ఒక్కోదాని కన్ను చూడటం కుదిరే పనేనా, అన్నిటికీ ఒకేసారి పోసేస్తే పోదా అని అడగొచ్చు. వానలకు ముందు ఊరంతా కలిసి పోయించే మందుకు దాని విలువ ఉంది, కాదనను. కానీ ఆల్బెండజోల్ లాంటి ఒకే మందును, అదీ గొర్రె బరువు తక్కువగా అంచనా కట్టి, పదేపదే పోస్తే మందుకు చావని నట్టలే మిగిలి సంతతి పెంచుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్నవాటిని వదిలేస్తే, మందుకు లొంగే నట్టలు కూడా మందలో మిగిలి మొండివాటి జోరు తగ్గిస్తాయి. ఎలాగూ ప్రతి గొర్రెనూ పట్టుకోవాల్సిందే, రెప్ప దించడానికి ఎంతసేపు? పోసే తీరులోనూ నేర్పుంది. మూతి మరీ పైకెత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే తల నేలకు సమంగా పట్టి, నోటి పక్కనుంచి నాలుక మొదట్లోకి వదిలి, మింగేదాకా ఆగుతారు. కొత్తగా చూడి కట్టినవాటికి ఆల్బెండజోల్ పోయరు, కడుపులో పిల్లకు చేటని.