ఆకాశరామన్న ఉత్తరమేనా?

2017 ఆగస్టు 25న డేరా సచ్చా సౌదా అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్ ఇద్దరు సాధ్వీల మీద అత్యాచారం చేశాడని పంచకులలోని సి.బి.ఐ. ప్రత్యేక న్యాయస్థానం తేల్చింది. ఆనాటి అల్లర్లలో 30 మందికి పైగా చనిపోయారు. మూడు రోజుల తర్వాత 20 ఏళ్ల శిక్ష పడింది. అందరిలాగే నేనూ టీవీకి అతుక్కుపోయాను. వారం తిరిగేసరికి తెర మీద కథే మారిపోయింది. ఆయన 'గుహ'లో ఏముంది, ఎన్ని రంగుల బట్టలు వేసేవాడు, దత్తపుత్రికగా చెప్పుకునే ఆమె ఎక్కడ దాక్కుంది... ఇవే వార్తలు. ఈ కేసు ఎవరి మాటతో మొదలైందో మర్చిపోతున్నామే అనిపించింది.

అది ఒక ఉత్తరంతో మొదలైంది. 1948లో హర్యానాలోని సిర్సాలో పుట్టిన ఆ సంస్థలో ఉంటున్న ఒక సాధ్వి, 2002లో అప్పటి ప్రధాని వాజ్‌పేయికి పేరు లేకుండా రాసిన ఉత్తరం. కొన్ని పత్రికలు 2017లో దాన్ని అనువదించి వేశాయి కూడా. కానీ వేయడం వేరు, చదవడం వేరు. చదివితే అందులో భయంతో పాటు ఎంతో తెలివి కనిపిస్తుంది. పిలుపు ఎలా వస్తుందో, దైవం పేరుతో శరీరాన్ని ఎలా అడుగుతారో, అధికారంలో ఉన్నవాళ్లతో తనకున్న పరిచయాలు చెప్పి గురువు ఎలా బెదిరిస్తాడో ఆమె వరసగా రాసింది. తల్లిదండ్రులే భక్తులైతే ఆడపిల్ల ఎవరితో చెప్పుకోవాలి? 'అన్నేళ్లు ఎందుకు ఊరుకుంది, బయటికి ఎందుకు రాలేదు' అన్న ప్రశ్నకి జవాబు ఆ ఉత్తరంలోనే ఉంది. పుట్టిల్లు కూడా డేరాలో భాగమైపోయినప్పుడు 'బయట' అనేది ఎక్కడుంటుంది?

పేరు లేని ఉత్తరాన్ని మనం ఆకాశరామన్న ఉత్తరం అంటాం. ఆ మాటలోనే చులకన ఉంది. ధైర్యముంటే పేరు పెట్టి రాయొచ్చుగా అంటాం. పేరు చెబితే చంపేస్తారని రాసిన మనిషికి పేరు దాచుకోవడం పిరికితనం కాదు, సాక్ష్యం బతకడానికి ఉన్న ఒకే దారి. సిర్సాలో 'పూరా సచ్' అనే చిన్న సాయంకాల పత్రిక నడిపిన రామ్ చందర్ ఛత్రపతి ఈ సంగతి గ్రహించారు. 2002 మే నెలలో ఆ ఉత్తరం అచ్చువేశారు. సంతకం లేదని పక్కన పెట్టలేదు. ఆ అక్టోబరులో ఆయన మీద కాల్పులు జరిగాయి, నవంబరులో చనిపోయారు. పంజాబ్, హర్యానా హైకోర్టు కూడా ఆ ఉత్తరాన్ని తనంతట తానే విచారణకు తీసుకుని కేసును సి.బి.ఐ.కి అప్పగించింది. సంతకం లేని మాటని కూడా పట్టించుకోవచ్చని ఒక చిన్న పత్రికా, ఒక కోర్టూ చూపించాయి.

మరి మన తెలుగు మీడియా? ఏ బాబా మీద ఆరోపణ వచ్చినా మనకి చేతికందే మాట 'రాసలీలలు'. ఎంత తేలికైన మాట! ఇష్టపడి ఆడే ఆటకి పెట్టుకున్న పేరు తెచ్చి బలవంతానికి తగిలిస్తాం. నేరం వినోదమైపోతుంది. చదివేవాళ్లకి చాటుగా చూస్తున్న సరదా మిగులుతుంది, ఫిర్యాదు చేసిన స్త్రీ ఆ లీలలో ఒక పాత్రగా మిగులుతుంది. ఆరోపణ రుజువు కాకముందు 'రుజువు కాలేదు' అని స్పష్టంగా రాయండి, తప్పులేదు. రుజువయ్యాక అత్యాచారం అనే రాయండి. రెంటికీ మధ్య ఈ చమత్కారాలు ఎందుకు?

శిక్ష పడ్డాక ఆయన ఎన్నోసార్లు పెరోల్ మీద, ఫర్లో మీద బయటికి వచ్చాడు. ఎన్ని రోజులకి, ఏ ఎన్నికల ముందు అన్న లెక్కలు వార్తల్లో వస్తాయి. అది అవసరమే. కానీ కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పిన ఆ ఇద్దరికీ ఆ రోజులు ఎలా గడుస్తాయి? ఇది అడగడానికి వాళ్ల గుమ్మం తొక్కనక్కర్లేదు, పేర్లు బయటపెట్టనక్కర్లేదు. వాళ్ల రక్షణకి ఏం ఏర్పాటు చేశారని ప్రభుత్వాన్ని నిలదీస్తే చాలు.

పేరు లేకుండా మాట్లాడిన స్త్రీల మాటలు వెతికి తీసి చదవడం మనకి కొత్త కాదు. పాత పత్రికల్లో మారుపేర్లతో రాసినవాళ్లను గుర్తించి సాహిత్య చరిత్రలో చోటిచ్చుకున్నాం. సిర్సా నుంచి వచ్చిన ఆ ఉత్తరాన్ని కూడా అలాగే చదువుదాం. రాసిన ఆమె ఎవరా అని మాత్రం వెతకొద్దు.