పలాయనం ఎక్కడికి? - ఒక అమెరికన్ రేడియో నాటకమాల

మన విమర్శలో 'పలాయనవాదం' అనే మాట ఎంతగా అరిగిపోయిందంటే, దాన్ని ఒక రచనకు తగిలించిన తర్వాత ఇక ఆ రచనను చదవనక్కరలేదన్నంత నిశ్చింత మనకు కలుగుతూ వుంటుంది. కాని తన పేరే 'పలాయనం' అని పెట్టుకొన్న కళారూపం ఎదురైతే ఏమి చెయ్యాలి?

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రెండేళ్లకు, 1947 జూలై 7న, అమెరికాలో సి.బి.ఎస్. రేడియో సంస్థ 'ఎస్కేప్' అనే సాహస నాటకమాలను ప్రారంభించింది. 1954 సెప్టెంబరు దాకా రెండు వందలకు పైగా అరగంట నాటకాలు ప్రసారమయ్యాయి. వాటి ధ్వనిముద్రణలు నేడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నవి. ఇంగ్లీషు చెవికి అలవాటు కావాలని వికారాబాదు, తాండూరు విద్యార్థులు కొందరు వాటిని ఫోనులో వింటున్నారు. కనుక ఇది పరాయిదేశపు పాత సరుకని పక్కకు నెట్టివేయదగిన విషయం కాదు.

నాటకానికి ముందు వ్యాఖ్యాత రోజువారీ చాకిరీతో విసిగిన శ్రోతను పలకరించి, దూరంగా తీసుకుపోతానంటాడు. ఆ వెంటనే శ్రోతనే 'మీరు' అని సంబోధిస్తూ, మీరు ఫలానా చోట చిక్కుకున్నారు, ఫలానా ప్రమాదం ముంచుకొస్తున్నది అని వర్ణిస్తాడు. ఈ నాటకమాల శక్తీ, దాని ప్రమాదమూ కూడా ఈ 'మీరు'లోనే వున్నవి. రంగస్థలం మీద రాజును చూస్తూ మనం ప్రేక్షకులుగా మిగిలి వుండగలం. రేడియోలో కంటికి పని లేదు. గొంతు చెవిలోంచి నేరుగా లోపలికి పోతుంది. శ్రోత నాయకుడి స్థానంలో నిలబడి తీరవలసిందే. అయితే ఆ నాయకుడెవరు?

మొట్టమొదటి నాటకం, కిప్లింగ్ 1888లో ప్రచురించిన 'ది మాన్ హు వుడ్ బి కింగ్' కథకు రేడియో రూపం. ఇద్దరు తెల్లవాళ్లు తుపాకులతో హిందూకుష్ కొండల్లోని కాఫిరిస్తాన్‌కు పోయి, తాము దేవుళ్లమని అక్కడి జనాన్ని నమ్మించి రాజులవుతారు. చివరకు గుట్టు రట్టయి పతనమవుతారు. సామ్రాజ్య దురాశ మీద ఈ కథలో ఎత్తిపొడుపు లేకపోలేదు. కాని శ్రోత జాలి పడవలసింది ఆ ఇద్దరి పతనానికే. ఆ కొండజనం ఏమి పోగొట్టుకున్నారన్నది ప్రశ్నే కాదు. బ్రిటిష్ పార్లమెంటులో భారత స్వాతంత్ర్య బిల్లును ప్రవేశపెట్టింది జూలై 4న. సరిగ్గా మూడు రోజులకు ఈ ప్రసారం! ఇది ఎవరో పన్నిన పన్నాగం కాదు. కాని సామ్రాజ్యం మూటాముల్లె సర్దుకుంటున్న వేళ దాని సాహసగాథ కొత్త గొంతు వెతుక్కున్నదన్న మాట మాత్రం వాస్తవం.

1948 జనవరి 14న ప్రసారమైన 'లైనింగెన్ వర్సెస్ ది యాంట్స్' ఇంకా ప్రసిద్ధం. బ్రెజిల్‌లో ఒక తోట యజమాని మీదికి చీమల దండు వచ్చిపడుతుంది. అతడు నీటి కందకాలతో, పెట్రోలుతో పోరాడి, చివరకు చీమల నడుమ తానే పరుగెత్తి, నీరు వదిలి తోటను ముంచివేస్తాడు. విలియం కాన్రాడ్ గొంతులో ఆ పట్టుదల వింటుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ కళను కాదనటం అన్యాయం. కాని మూలకథలో ఆ తోటలో 400 మంది కూలీలున్నారు. వాళ్లకు తోట లేదు, కథా లేదు. దొర మీద నమ్మకం అనే ఒకే ఒక్క గుణం వున్నది. తాండూరు నాపరాతి గనిలో బండలు తీసే కూలీ కొడుకు ఈ నాటకం వింటూ, 'మీరు' అన్న పిలుపుకు యజమానిగా పలుకుతాడు. తన తండ్రి ఆ 400 మందిలో ఒకడని అతనికి స్ఫురించదు. అది స్ఫురింపజేయటమే అధ్యాపకుని పని.

అయితే ఈ నాటకమాల అంతా ఒకే మూసలో పోసింది కాదు. 1949 నవంబరు 15న ప్రసారమైన 'త్రీ స్కెలిటన్ కీ'లో నాయకులు రాజులూ కారు, యజమానులూ కారు. సముద్రం మధ్య దీపస్తంభంలో పనిచేసే ముగ్గురు ఉద్యోగులు. దిక్కులేక కొట్టుకొచ్చిన ఓడలోంచి వేలకొద్దీ ఎలుకలు వచ్చి ఆ స్తంభాన్ని కమ్ముకొంటవి. ఇక్కడ లోబరచుకోవలసిన స్థానిక జాతి లేదు, కాపాడుకోవలసిన ఆస్తి లేదు. వున్నది ప్రాణం, పక్కనున్న తోటి పనివాడు. చాకిరీ నుంచి తప్పిస్తానన్న నాటకమాల, తన అత్యుత్తమమైన అరగంటలో శ్రోతను తీసుకుపోయింది మరొక చాకిరీ చోటికే! పారిపోవాలన్న కోరిక అబద్ధం కాదు. అది చాకిరీ ఎంత దుర్భరమో చెప్పే సాక్ష్యం. ఆ కోరికను ఎవరి నేల మీదికి, ఎవరి భుజాల మీదుగా నడిపిస్తున్నారన్నదే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

అదే 1947లో మన భాషలో సుంకర, వాసిరెడ్డి 'మా భూమి' నాటకం రాశారు, ప్రజానాట్యమండలి ప్రదర్శించింది. అందులోనూ సాహసమున్నది, ప్రాణాలకు తెగించటమున్నది. కాని అది పరాయి నేల మీద రాజ్యం కోసం కాదు, సొంత నేల కోసం. అప్పటికి వికారాబాదు, తాండూరు నిజాం ఏలుబడిలోనివి. హైదరాబాదులోని దక్కన్ రేడియో నిజాం ప్రభుత్వానిది. అది ఆకాశవాణిలో కలిసింది 1950లో. మన సాహసగాథకు ఆనాడు రంగస్థలం దొరికింది గాని, సొంతగడ్డ మీద మైకు దొరకలేదు.

నేడు ప్రతి విద్యార్థి చేతిలో ధ్వనిముద్రణ యంత్రం వున్నది. రేడియో నాటకానికి తెరలు అక్కరలేదు, వేషాలు అక్కరలేదు. నాలుగు గొంతులు, కొన్ని చప్పుళ్లు చాలు. బండలు కోసే రంపపు మోత తాండూరులో కొరత కాదు. కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా సూచన ఒక్కటే: 'ఎస్కేప్'ను నిషేధించకండి, తరగతిలో వినిపించండి. విన్న తర్వాత లైనింగెన్ కథను ఆ 400 మందిలో ఒకని గొంతుతో తిరిగి రాయమనండి. ఆ కూలీ ఎక్కడికి పారిపోవాలనుకుంటాడో, అసలు పారిపోవాలనుకుంటాడో లేదో, మన విద్యార్థులే చెప్పగలరు.