విరుపణ్ణ కళ్ళు పైకప్పులో ఉన్నాయి

మడకశిర నుంచి హిందూపురం మీదుగా లేపాక్షికి పోయేవాళ్ళలో ఎవరిని కదిలించినా వేలాడే స్తంభం మాటే. దాని కింద తువ్వాలు దూర్చి అటూ ఇటూ లాగడం, నంది దగ్గర ఫొటో దిగడం, తిరుగు బస్సెక్కడం. తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. చూస్తే వీరభద్రాలయం పైకప్పులో, పరివారంతో దేవుడికి చేతులు జోడించి నిలబడ్డ ఇద్దరు పెద్దమనుషులు కనిపిస్తారు. గుడి కట్టించిన విరుపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ. తెలుగునేల మీద ఇంతకు మించిన రూపచిత్రాలు లేవు.

విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలం, 1530ల నాటి పని. విరుపణ్ణ పెనుకొండలో కోశాధికారి అంటారు. రాతి మీద సున్నం, ఇసుక కలిపిన గార. ఎర్రమన్ను, పసుపుమన్ను, మసి, సున్నపు తెలుపు. ప్రధాన సామగ్రి ఇదే.

అసలు గొప్పతనమంతా గీతలో ఉంది. నుదుటి దగ్గర మొదలైన నల్లగీత మొనదేలిన ముక్కు మీదుగా జారి, పెదవుల దగ్గర చిన్నగా విరిగి, గడ్డం కింద మలుపు తిరుగుతుంది. ఎక్కడా తడబాటు లేదు. తల వెనక్కి వాల్చి, చెయ్యి పైకెత్తి గీసిన గీత అది! నీడలు వేయలేదు, బుగ్గకు గుండ్రదనం తెచ్చే పూతలు పూయలేదు. ఆ పెద్ద కన్ను ఒక్కటి చాలు, మనిషి నిలువెల్లా భక్తితో ఉన్నాడని చెప్పడానికి. తలమీద పొడవాటి కుళ్ళాయి చూడగానే హోదా తెలుస్తుంది. కన్నడరాజు కొలువుకు కుళ్ళాయి పెట్టక తప్పలేదని శ్రీనాథుడి పేరన చాటువు చెప్పుకుంటాం కదా, ఆ కుళ్ళాయి ఎలా ఉండేదో కళ్ళారా చూడాలంటే ఇక్కడికే రావాలి. ఇక ఆడవాళ్ళ చీరల చారలు, గళ్ళు, అంచులు! నేతగాళ్ళు ఇప్పటికీ నమూనా తీసుకోదగినవి.

దాదాపు ఆ రోజుల్లోనే, 1527లో, జర్మన్ చిత్రకారుడు హోల్బైన్ ఇంగ్లండులో కాంటర్బరీ ఆర్చిబిషప్పు విలియం వారమ్‌ను చిత్రించాడు. పారిస్ లూవ్ర్‌లో ఉన్న ఆ పటంలో ముసలి మతాచార్యుడి కళ్ళకింది ఉబ్బు, ముడతలు, మెడచుట్టూ బొచ్చు, పక్కన రత్నాల కిరీటం అన్నీ కనబడతాయి. అద్భుతమే. అయితే హోల్బైన్ కూడా ముందు సుద్దతో గీతే గీసుకున్నాడు. ఆ కాగితం విండ్సర్ కోట సేకరణలో భద్రంగా ఉంది. తర్వాత తైలవర్ణాల నీడలు ఆయనకు సాయం వచ్చాయి. లేపాక్షి చిత్రకారుడికి ఆ సాయం లేదు. గీతతోనే గట్టెక్కాడు. అందుకే ఒక మెట్టు పైన నిలబెట్టాల్సింది మనవాణ్ణే.

ఆ పక్కచూపు ముఖం, ఆ పెద్ద కన్ను ధర్మవరం పక్కన నిమ్మలకుంట తోలుబొమ్మల్లో ఇంకా బతికే ఉన్నాయి. 2020 సంవత్సరానికి పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు చేతిలో మేకతోలు మీద గీత ఎలా నడుస్తుందో చూస్తే, ఇది లేపాక్షి కప్పుకు చుట్టమే అనిపించక మానదు.

మరి మనం చేస్తున్నదేమిటి? మసి పట్టి, చెమ్మ దిగి, గార పెచ్చులూడి ముఖాలు చెరిగిపోతున్నాయి. 2022లో ఈ గుడి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిందని పండగ చేసుకున్నాం, పైకప్పుకేసి మాత్రం చూడలేదు. బజారులో ‘లేపాక్షి డిజైన్’ పేరుతో యంత్రం అచ్చేసిన గుడ్డల మీద ముక్కు మొద్దుబారింది, కన్ను గుడ్డిదైంది. దాన్నే కళ అని కొంటున్నాం. ఊళ్ళో గోడల మీద బొమ్మలేసే పెయింటర్ల చేతిపని ఫ్లెక్సీలు మింగేశాయి. కూడలి కూడలికీ తెల్లగా తోమిన ముఖాలు వేలాడుతున్నాయి. ఒక్కదానిలోనూ మనిషి లేడు.

డ్రాయింగు మాస్టార్లు పిల్లల్ని కాగితం, పెన్సిలుతో ఆ కప్పు కింద ఒక్క పూట కూర్చోబెట్టాలి. గైడ్లు స్తంభం కంటే ముందు కప్పు చూపించాలి. ఖజానా సొమ్ము వాడుకున్నాడన్న నింద మీద విరుపణ్ణ తన కళ్ళు తానే పెరికి విసిరాడని, గోడ మీది ఎర్రటి మరకలు అవేనని చెబుతారు. జనం ఆ మరకల ముందు గుంపుగా నిలబడతారు. అప్పుడు కూడా పైన విరుపణ్ణ కళ్ళు విప్పార్చుకుని వీరభద్రుణ్ణే చూస్తూ ఉంటాడు.