వైరసు యంత్రమునకు పూర్వులెవరు? - ఒక పరిశోధనా వ్యాసముపై విమర్శ

బాక్టీరియాలపై బ్రతుకు వైరసులకు ఫేజ్‌లని పేరు. ఫై 29 అను ఫేజ్‌లో డి. ఎన్. ఏ. పోగు పొడవు సుమారు 6.6 మైక్రోమీటర్లు, దానిని దాచు మాంసకృత్తు పెంకు పొడవు 54 నానోమీటర్లే! అంత పోగును ఇంత గూటిలో కూరుటకు పెంకు ద్వారమువద్ద మాంసకృత్తుల యంత్రమొకటి ఏ. టి. పి. శక్తితో పనిచేయును. 57 పికోన్యూటన్ల ఎదురులాగుడును సయితము అది తట్టుకొనునని 2001లో కొలిచి చూపిరి.

ఈ యంత్రము ఎట్లు పుట్టినది? అయ్యర్, మకరోవా, కూనిన్, అరవింద్ అను శాస్త్రజ్ఞులు 2004లో 'న్యూక్లియిక్ ఏసిడ్స్ రీసెర్చ్' పత్రికలో ప్రకటించిన వ్యాసము ఈ ప్రశ్నను చేపట్టినది. బాక్టీరియా విభజన సమయమున క్రోమోజోములను పిల్లకణములలోనికి నడుపు ఎఫ్. టి. ఎస్. కె., ఆర్కియాలలోని హెర్-ఏ, పలు వైరసుల కూరుడు యంత్రములు ఒకే వంశమువని అమినో ఆమ్లముల వరుసలను పోల్చి వారు వాదించిరి. కణవిభజనను, వైరసు నిర్మాణమును ఒక్క దృష్టితో చూపుట ఈ వ్యాసమునకు గొప్ప గుణము.

అయితే చుట్టరికము వేరు, పనితీరు వేరు. ఇరువురి పనితీరు ఒకటే కావచ్చునని మాత్రమే రచయితలనిరి. ఆ 'కావచ్చును'ను మనము 'అగును'గా చదువరాదు. ఎఫ్. టి. ఎస్. కె. వలయములో అంగములు ఆరు. ఫై 29 వలయములో ఐదు. కనుక దేని నడకను దానియందే పరీక్షింపవలెను.

ఫేజ్‌లన్నిటికి ఈ వంశమే మూలమనుటయు పొరపాటు. టి 4 ఫేజ్ యంత్రము వేరొక శాఖకు చెందినది. దాని పెద్ద మాంసకృత్తులో లాగు భాగముతోపాటు డి. ఎన్. ఏ.ను కత్తిరించు భాగమును కలదు.

మరియొక చిక్కు. కుమ్మరి సారెయు బండిచక్రమును ఒకదానినొకటి పోలియున్నవి. ఆ పోలికను చూచి ఏది ముందో చెప్పగలమా? అట్లే, కణమునుండి వైరసు ఈ యంత్రమును గ్రహించినదో, వైరసునుండి కణము గ్రహించినదో వరుసల పోలిక యొక్కటే తేల్చజాలదు.

ఉపాధ్యాయులు పరిణామమును బోధించునపుడు ఈ వ్యాసమును తప్పక ఉదాహరింపవచ్చును. కాని పోలిక ఎంతవరకు సాక్ష్యము, ఎక్కడినుండి ఊహ అను గీతను నల్లబల్లపై ముందుగా గీయవలెను. ఆ గీతను గుర్తించిన విద్యార్థికి పరిణామ శాస్త్రము కట్టుకథగా తోచదు.