మేనరికము - పరిణామ మనస్తత్వశాస్త్రము: ఒక విమర్శ

జీవపరిణామ సిద్ధాంతమును ప్రతిపాదించిన చార్లెస్ డార్విన్ 1839లో తన మేనమామ కూతురు ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను పెండ్లాడెను. తెలుగువారి మాటలో ఇది అచ్చమైన మేనరికము. ఆ దంపతులకు కలిగిన పదిమంది బిడ్డలలో ముగ్గురు బాల్యమునందే గతించిరి. తమ రక్తసంబంధమే దీనికి హేతువేమో యను శంక ఆయనను చిరకాలము వేధించెను. 1871 జనాభా లెక్కలలో దంపతుల బంధుత్వమును గూర్చిన ప్రశ్న నొకదానిని చేర్పింప ఆయన యత్నించెను గాని, బ్రిటిష్ పార్లమెంటు అంగీకరింపలేదు. ఆ సంవత్సరమే వెలువడిన 'ది డిసెంట్ ఆఫ్ మాన్' అను గ్రంథమున, ప్రాణులు జతను వరించు తీరును ఆయన మానవునికిని అన్వయించెను. నేడు పరిణామ మనస్తత్వశాస్త్రమని వ్యవహరింపబడుచున్న శాఖకు బీజము అందు కలదు.

ఈ శాఖవారి వాదము క్లిష్టమైనది కాదు. సంతానముకొరకు ఎక్కువ శ్రమను, కాలమును వెచ్చించు జాతి, అనగా సాధారణముగా స్త్రీజాతి, జతను ఎన్నుకొనుటలో ఎక్కువ జాగరూకత చూపునని 1972లో రాబర్ట్ ట్రివర్స్ ప్రతిపాదించెను. 1989లో డేవిడ్ బస్ 33 దేశములకు చెందిన 37 సమూహములనుండి, పదివేల మందికి పైగా స్త్రీపురుషుల అభిప్రాయములను సేకరించి ప్రకటించెను. అందు భారతీయులును ఉండిరి. తమకంటె చిన్నదగు భార్యను పురుషులు 37 సమూహములందును కోరిరి. సంపాదనశక్తికి స్త్రీలు పురుషులకంటె ఎక్కువ విలువ నిచ్చుట 36 సమూహములలో స్పష్టముగా కానవచ్చెను. వేట, ఆహారసేకరణలతో జీవించిన పూర్వికుల నాటి మనఃప్రవృత్తులే ఇవి యని బస్ నిర్ణయించెను. ఆ దత్తాంశమునే 1999లో పునఃపరిశీలించిన ఏలిస్ ఈగ్లీ, వెండీ వుడ్ అను విదుషీమణులు, స్త్రీపురుషుల సమానత్వము హెచ్చిన దేశములలో ఈ భేదములు కొన్ని తగ్గుచున్నవని చూపిరి. స్వభావమని తోచినదానిలో కొంత సంఘస్థితి యని దీనివలన తేలుచున్నది.

అయితే తెలుగువారి దృష్టిలో తొలి ఆక్షేపము మరియొకటి. బస్ ప్రశ్నావళి ప్రతివ్యక్తిని 'నీకు ఎట్టివారు కావలెను?' అని యడిగినది. 'పిల్ల నిచ్చుట', 'సంబంధము చూచుట', 'పిల్లను చేసికొనుట' అను మన పలుకుబళ్లలో కర్తలు తరచుగా పెద్దలు. వరణము చేయువారు వేరు, కాపురము చేయువారు వేరు అయినచోట వ్యక్తి కోరికను కొలిచిన కొలమానము దేనిని కొలిచినట్లు?

ఈ శాస్త్రమునకు బలమైన ఆధారము వేరొకచోట నున్నది. పసితనమునుండి కలిసి పెరిగినవారికి ఒకరిపై నొకరికి దాంపత్యవాంఛ కలుగదని ఫిన్లండు దేశీయుడగు ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ 1891లో వ్రాసెను. తైవానులో పూర్వము ఆడుశిశువును దెచ్చి, భావివరునితోపాటు పెంచి పెండ్లిచేయు ఆచార ముండెను. ఆర్థర్ వుల్ఫ్ 14,000కు పైగా వివాహముల వివరములను పరిశీలించి, అట్లు కలిసి పెరిగిన దంపతులకు సంతానము తక్కువ, విడాకులు ఎక్కువ యని నిరూపించెను. ఇజ్రాయేలు కిబ్బుట్జులలో జరిగిన 2,769 వివాహములను జోసెఫ్ షెఫర్ 1971లో పరిశీలింపగా, ఆరేండ్ల వరకు ఎడతెగక ఒకే శిశుబృందమున పెరిగినవారి నడుమ ఒక్క పెండ్లియు కానరాలేదు. ఈ రెండవ నిదర్శనముపై 2009లో ఆక్షేపణలు వెలువడినవి. మొదటిదానిని త్రోసిపుచ్చుట కష్టము.

ఇక దీనిని మన వావివరుసల ముందు నిలిపి చూడవలెను. మేనమామ కూతురు మరదలు. పినతల్లి కూతురు చెల్లెలు. రక్తసంబంధమున ఇరువురును సమానులే. ఎవరిని పెండ్లాడినను బిడ్డల అంతఃప్రజనన గుణకము 1/16. ఇరువురును సాధారణముగా వేరు ఇండ్లలో, తరచుగా వేరు ఊళ్లలో పెరుగుదురు. గోత్రమును బట్టియు నిషేధము సాధింపరాదు. పినతల్లి భర్త గోత్రము వేరై యుండవచ్చును గదా! అయినను ఒకతెను పెండ్లాడుట ముచ్చట, రెండవదానిని తలచుటయే పాపము. జన్యువులు గీయని గీతను, సహవాసము గీయని గీతను, ఇక్కడ బంధుత్వపదము గీయుచున్నది. 1871లోనే అమెరికా పండితుడు లూయీ మోర్గన్ ప్రకటించిన బంధుత్వపదముల పట్టికలలో తమిళ, కన్నడ పదములతోపాటు తెలుగు పదములును చేరినవి. డార్విన్ గ్రంథము నుండి బయలుదేరిన మనస్తత్వవేత్తలు అదే యేడు వెలువడిన ఈ గ్రంథమును తగినంతగా చదువలేదని చెప్పక తప్పదు.

సరిహద్దుల కావల స్థిరపడిన తెలుగువారికి ఇది ఏటేట ఎదురగు విషయము. బరంపురము, పర్లాకిమిడి ప్రాంతములలో పొరుగు ఒడియా గృహస్థునకు మేనమామ కూతురు సోదరియే. మహారాష్ట్రలో అనేక కులములు మేనమామ కూతురును అంగీకరించి మేనత్త కూతురును వర్జించునని ఇరావతీ కర్వే 1953లో వివరించెను. తమిళ, కన్నడ సీమలలో మనవలెనే అక్క కూతురును పెండ్లాడుటయు కలదు. అచట గుణకము 1/8. మానవస్వభావము ఒక్కటే యైనచో ఒక వీధిలో ఏవగింపు, ప్రక్క వీధిలో మంగళవాద్యములు ఏల? ఏవగింపు నేర్వదగినదని యొప్పుకొనినగాని దీనికి సమాధానము లేదు.

ఇంత మాత్రమున వెస్టర్‌మార్క్ మాట మనకు నిరుపయోగము కాదు. ఉద్యోగమునకై, చదువునకై మేనల్లుని పసితనముననే ఇంట చేర్చుకొని కూతురుతోపాటు పెంచు కుటుంబములు కలవు. అట్టి పిల్ల పెండ్లినాటికి 'బావ నాకు అన్నవంటివాడు' అన్నచో, పెద్దలు దానిని మొండితనముగా భావింతురు. తైవాను లెక్కలు ఆ పిల్ల పక్షమున సాక్ష్యము పలుకుచున్నవి. మేనరికమును సమర్థించువారును నిందించువారును చర్చయంతయు బిడ్డల ఆరోగ్యముపైననే నడుపుదురు. అది ఉపేక్షింపదగినది కాదు: మేనత్త, మేనమామల బిడ్డల వంటి ప్రథమశ్రేణి బంధువుల దంపతులకు పుట్టిన బిడ్డలలో అకాలమరణములు నూటికి సుమారు మూడున్నర అధికమని బిటిల్స్, బ్లాక్ అనువారు 2010లో అంచనా కట్టిరి. కాని పిల్ల మనస్సు ఆ చర్చలో ప్రవేశించుటయే అరుదు.

డార్విన్ కోరిన లెక్క ఆయన దేశమున జరుగకపోయినను మన దేశమున జరిగినది. భువనేశ్వరమున 1964లో మరణించిన హాల్డేన్ పండితుని శిష్యుడు, పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహములపై 1963లోనే పరిశోధనను ప్రకటించెను. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము అట్టి వివాహములు దేశమున నూటికి సుమారు 11; తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలో పాతికకు మించినవి. భర్త ఏ వరుస బంధువో యని ఆ సర్వేలో అడుగుదురు. ఇరువురును చిన్ననాట ఒకే యింట పెరిగిరా యను ప్రశ్న అందు లేదు.