ఊరు కాపాడిన గురువు: గ్రాహమ్ గ్రీన్ ‘ది పవర్ అండ్ ది గ్లోరీ’ (1940) పరిశీలన

మెక్సికోలోని టబాస్కోలో దేవాలయాలు మూయించి గురువులను వెంటాడిన కాలం ఈ నవలకు నేపథ్యం. గ్రీన్ 1938లో ఆ ప్రాంతంలో పర్యటించాడు. కథానాయకుడు పేరులేని కథోలిక గురువు. తాగుబోతు, ఒక బిడ్డకు తండ్రి. ఇట్టివాడు అర్పించిన దివ్యబలిపూజ చెల్లునా? డొనాటిస్టులతో వాదంలో అగస్టీనుగారు ఏనాడో జవాబిచ్చారు గనుక ఆ చర్చకు దిగము.

మమ్మును నిలిపినది ఒక గుడిసె. అలసిన గురువు కాసేపు నిద్రపోనివ్వమంటాడు. అయిదేండ్లుగా గురువు ముఖం చూడని వృద్ధుడు పాపసంకీర్తనం వినవలసిందేనంటాడు. నిస్సహాయతతో గురువు ఏడిస్తే, మన పాపాల కోసం ఫాదర్ విలపిస్తున్నారని ఆ ముసలాయన బయట చాటుతాడు! సంఘమే తన కాపరిని తయారుచేసుకొంటున్నది. మరొక ఊరిలో సైనికులు బందీని పట్టుకుపోతున్నా ఎవరూ గురువును చూపించరు.

1953లో వాటికన్‌లోని హోలీ ఆఫీసు ఈ నవలను ఆక్షేపించింది, ముఖ్యంగా గురువు చిత్రణ విషయంలో. మా ఆక్షేపణ వేరు. గురువు అంతరంగానికి గ్రీన్ పుటలకొద్దీ చోటిచ్చాడు. కుమారుని విడిచిపెట్టమని వేడుకొన్న బందీ తల్లికి రెండు మాటలతో సరిపెట్టాడు. ఈ నవలను తరగతిలో బోధించేవారు ఆ తల్లి దగ్గర కాసేపు ఆగవలసి ఉన్నది.